కొళాయి నుండి కూజా వరకు

ఇంటి నీటిశుద్ధి పరికరాల సంరక్షణ, కొళాయి ధార మందగించినప్పుడు చేయవలసిన పనులు

విశాఖపట్నం నుండో, హైదరాబాదు నుండో బదిలీపై కోల్‌కతాకు వచ్చిన ఉద్యోగి కుటుంబం కొత్త ఇంట్లో సామాను దింపుకున్న వెంటనే ఇరుగుపొరుగువారిని అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ఒకటే: "నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి?" నగరంలో అనేక ప్రాంతాలకు నగరపాలక సంస్థ నీరు వేళ ప్రకారమే విడుదలవుతుంది. అందుకే ఆ కొళాయిని బెంగాలీలు "టైమ్ కొల్" అని పిలుస్తారు. రెండో ప్రశ్న కొద్ది రోజుల తరువాత పుడుతుంది: "ధార ఇంత సన్నగా వస్తున్నదేమి?" మూడోది వర్షాకాలంలో పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్న రోజున పుడుతుంది: "మన ఫిల్టరు సరిగా పని చేస్తున్నదా?"

ఈ మూడు ప్రశ్నలకూ సన్నిహిత సంబంధమున్నది. వేళ ప్రకారం వచ్చే నీరు, తక్కువ పీడనం, కలుషితం అన్నవి ఒకే గొలుసులోని కొంకులు. కర్మాగారంలో ప్రతి పంపుకు, ప్రతి మోటారుకు ఒక చరిత్ర పత్రం ఉంచి, చెడిపోక ముందే బాగుచేయడం మనకు అలవాటైన పద్ధతి. అదే క్రమశిక్షణ మన వంటింటి ఫిల్టరుకు, మిద్దె మీది ట్యాంకుకు కూడా అవసరమని గుర్తుచేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కొళాయిలోని నీరు ఎక్కడిది?

ఈ నగరపు మంచినీటికి ప్రధానాధారం హుగ్లీ నది. నగరానికి ఉత్తరాన బారక్‌పూర్ సమీపంలోని పల్టా వద్ద నదీజలాన్ని తేర్చి, ఇసుక పొరల గుండా వడపోసి నగరానికి పంపే ఏర్పాటు 1870 ప్రాంతంలో మొదలైంది. అప్పటి సామర్థ్యం రోజుకు 60 లక్షల గాలన్లు. జనాభా పెరిగినకొద్దీ ఆ నీటిని ఎత్తైన చోట నిలువచేసి, పీడనంతో పంపిణీ చేయవలసిన అవసరం కలిగింది. 1909లో పునాది వేసి, 1911 మే నెలలో ప్రారంభించిన టాలా ట్యాంకు ఆ అవసరం నుండి పుట్టినదే. నేలకు సుమారు 110 అడుగుల ఎత్తున ఉక్కు స్తంభాల మీద నిలిచిన ఈ ట్యాంకులో 90 లక్షల గాలన్లు, అనగా సుమారు 4 కోట్ల లీటర్ల నీరు పడుతుంది. 1934 నాటి బీహారు భూకంపాన్ని కూడా అది తట్టుకుని నిలిచింది.

ఈ ట్యాంకు నిర్మాణంలో మనం గమనించవలసిన విశేషం ఒకటున్నది. దీనిని నాలుగు అరలుగా కట్టారు. ఒక అరను ఖాళీచేసి శుభ్రపరుస్తున్నా, మరమ్మతు చేస్తున్నా, మిగిలిన అరల నుండి నగరానికి నీరు అందుతూనే ఉంటుంది. ఇటీవలి సంవత్సరాలలో పెద్ద మరమ్మతులు కూడా ఈ విధంగా అరల వారీగానే చేశారు. నిర్వహణ అనేది తరువాత ఎప్పుడో ఆలోచించే విషయం కాదనీ, నిర్మాణంలోనే దానికి చోటుండాలనీ ఆనాటి ఇంజనీర్లు గుర్తించారు. 500 లీటర్ల మన ట్యాంకు విషయంలో మనం తరచుగా మరచిపోయేది సరిగ్గా ఈ సంగతినే.

నీటికీ వ్యాధికీ గల సంబంధాన్ని లోకానికి రుజువు చేయడంలోనూ ఈ నగరానికి పాత్ర ఉన్నది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1883 చివర ఇక్కడికి వచ్చి, కలరా సూక్ష్మజీవిని పరిశోధించి, 1884లో ఒక చెరువు నీటిలో దాని ఉనికిని కనుగొన్నాడు. ఎనిమిదేళ్ళ తరువాత, 1892లో, జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా చెలరేగి ఎనిమిది వేలకు పైగా ప్రజలు మరణించారు. దానిని ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం మాత్రం చాలావరకు బయటపడింది. రెండూ ఎల్బే నది నీటినే వాడేవి. హాంబర్గ్ నీటిని వడపోయకుండా సరఫరా చేసేది. ఆల్టోనా ఇసుకలో వడపోసి ఇచ్చేది. తేడా అంతే! ఆ కాలంలోనే, 1891లో, విల్హెల్మ్ బెర్కెఫెల్డ్ రూపొందించిన మట్టి గొట్టపు వడపోత సాధనమే మన ఇళ్ళలోని క్యాండిల్ ఫిల్టరుకు పూర్వరూపాలలో ఒకటి.

ధార సన్నబడితే – లోపం ఎక్కడ?

పీడనాన్ని అర్థం చేసుకోవడానికి ఒక చిన్న లెక్క చాలు. నీటిమట్టం కొళాయికన్నా 10 మీటర్ల ఎత్తున ఉంటే, కొళాయి వద్ద చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము పీడనం కలుగుతుంది. టాలా ట్యాంకు ఎత్తు 110 అడుగులే అయినా, మైళ్ళకొలది పాత గొట్టాలలో రాపిడి వలన, మార్గమధ్యంలోని లీకుల వలన, ఒకే వేళకు అందరూ కొళాయిలు తిప్పడం వలన మన వీధికి చేరేసరికి ఆ పీడనంలో కొద్ది భాగమే మిగులుతుంది. అందుచేతనే బహుళ అంతస్తుల భవనాలలో నీరు ముందు నేలమట్టంలోని సంపులోకి దిగి, అక్కడి నుండి పంపు ద్వారా మిద్దె మీది ట్యాంకుకు చేరుతుంది.

నాలుగంతస్తుల భవనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ట్యాంకు అడుగుభాగం మిద్దెకు 1 మీటరు ఎత్తున ఉన్నదనుకుంటే, పై అంతస్తులోని కొళాయికి లభించే ఎత్తు సుమారు 3 మీటర్లు. స్నానాల గదిలోని షవరుకు 2 మీటర్లే. కింది అంతస్తు కొళాయికి మాత్రం 12 మీటర్లు లభిస్తుంది. అనగా కింది ఇంటిలో వచ్చే పీడనంలో నాలుగో వంతే పై ఇంటికి దక్కుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, భౌతిక ధర్మం. పై అంతస్తువారు కింది అంతస్తువారితో పేచీ పడేముందు ఈ లెక్కను తలచుకోవడం మంచిది.

అయితే నిన్నటివరకు బాగా వచ్చిన ధార నేడు సన్నబడితే దానికి కారణం వెదకవలసిందే. ప్లంబరును పిలిచే ముందు గృహిణులు స్వయంగా చేయగల పరీక్ష ఒకటున్నది. 15 లీటర్ల బకెట్టును కొళాయి కింద పెట్టి, కొళాయిని పూర్తిగా తిప్పి, గడియారం చూడండి. ఒకటిన్నర నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్ల ధార ఉన్నట్లు. ధార బాగున్న రోజున ఈ కొలత తీసి క్యాలెండరు మీద వ్రాసి పెట్టుకుంటే, తరువాత ఎంత తగ్గినదీ ఖచ్చితంగా తెలుస్తుంది.

తరువాత ఈ క్రమంలో పరిశీలించండి.

ఒకే కొళాయిలో ధార తగ్గితే: లోపం ఆ కొళాయిలోనే. మూతి వద్దనున్న చిన్న జల్లెడను విప్పి, ఇసుకను, తుప్పు పొలుసులను దులపండి. సున్నపు పెచ్చు కట్టి ఉంటే ఒక రాత్రి వెనిగరులో నానబెట్టి బ్రష్షుతో తోమండి. దాని కింది యాంగిల్ కాక్ పూర్తిగా తెరచి ఉన్నదా, లోపలి వాషరు జారి దారికి అడ్డు పడినదా చూడండి.

వేడినీటి ధార మాత్రమే తగ్గితే: గీజరుకు నీరు వెళ్ళే మార్గంలో పెచ్చు పేరుకున్నదన్నమాట. గొట్టపు బావుల నీరు వాడే ఇళ్ళలో ఇది సాధారణం.

ఇంట్లోని కొళాయిలన్నిటిలో తగ్గి, పొరుగిళ్ళలో బాగుంటే: మీ ఇంటికి వచ్చే గొట్టపు గేట్ వాల్వు సగం మూసుకుని ఉండవచ్చు. లేదా గొట్టంలో గాలి చిక్కుకుని ఉండవచ్చు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నిండిన తరువాత ధార రాకపోతే సాధారణంగా గాలి చిక్కుకున్నట్లే. కొళాయిలన్నీ ఒకేసారి తెరచి, గరగరమని గాలి పోయి ధార నిలకడగా వచ్చిన తరువాత, అన్నిటికన్న దిగువనున్న కొళాయితో మొదలుపెట్టి ఒక్కొక్కటే మూయండి. ఇది పదేపదే జరుగుతుంటే, ట్యాంకు నుండి దిగే గొట్టానికి నీటిమట్టాన్ని మించిన ఎత్తు వరకు గాలిగొట్టం అమర్చడమే శాశ్వత పరిష్కారం.

పాత ఇనుప గొట్టాలైతే: లోపల తుప్పు పట్టి దారి ఇరుకవుతుంది. గొట్టపు లోపలి వ్యాసం సగానికి తగ్గితే ధార కూడా సగానికే తగ్గుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఐదో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. ఇటువంటి గొట్టాన్ని శుభ్రపరచబూనడం వృథా, మార్చడమే మేలు.

సంపులోకే నీరు సరిగా రాకపోతే: బాల్ కాక్ బిగుసుకుపోయిందేమో చూడండి. అదీ బాగుంటే, వీధి గొట్టం నుండి మన గొట్టం చీలే చోటనున్న ఫెర్రూల్ అనే చిన్న ఇత్తడి అమరికలో మట్టి, తుప్పు అడ్డుపడి ఉండవచ్చు. దానిని తాకే అధికారం మనకు లేదు. ఫెర్రూల్ శుభ్రపరచమని నగరపాలక సంస్థ నీటి విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి.

చేయకూడని పని ఒకటి

ధార చాలడం లేదని కొందరు వీధి గొట్టానికే నేరుగా మోటారు బిగించి నీటిని లాగుతుంటారు. ఇది నిబంధనలకు విరుద్ధం. అంతకు మించి ప్రమాదకరం. గొట్టంలో పీడనమున్నంతసేపు లీకుల గుండా నీరు బయటికి పోతుంది. మోటారుతో లాగినప్పుడు గొట్టంలో పీడనం బయటి పీడనం కన్నా తగ్గి, అదే లీకుల గుండా బయటి మురుగు లోపలికి వస్తుంది. పాత నగరంలో మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు చాలాచోట్ల పక్కపక్కనే సాగుతాయి. ఒక ఇంటివారి తొందర వీధిలోని పసిపిల్లలందరికీ అపాయం కావచ్చు. మోటారు ఎప్పుడూ సంపు నుండే నీటిని తీసుకోవాలి.

నీరు ఆగి ఆగి వచ్చే ఊళ్ళలో సరఫరా లేని వేళ కూడా గొట్టాలలో పీడనముండదు. అందువలన నీరు విడుదలైన తొలి కొద్ది నిమిషాల ధారను తాగడానికి పట్టకండి. ఆ నీటిని ఇల్లు కడగడానికి, మొక్కలకు వాడుకోవచ్చు.

ఏ నీటికి ఏ ఫిల్టరు?

మన పెద్దలు బిందె లోపల చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చేవారు. పటిక కూడా అదే పని చేస్తుంది. పెద్ద నీటిశుద్ధి కేంద్రాలలో వాడే సూత్రమూ అదే. మట్టి అడుగుకు చేరుతుంది, నీరు తేటపడుతుంది. కాని తేటనీరంతా మంచినీరు కాదు. మట్టిని తొలగించడం, సూక్ష్మజీవులను తొలగించడం, కరిగిన లవణాలను తొలగించడం అన్నవి మూడు వేర్వేరు పనులు. ఈ భేదం తెలియక కొనే ఫిల్టరు వలన ధనవ్యయమే గాని ప్రయోజనం ఉండదు.

క్యాండిల్ ఫిల్టరు: ఇది మట్టిని, చాలావరకు బాక్టీరియాను ఆపుతుంది. కామెర్లు కలిగించే వైరసుల వంటి అతి సూక్ష్మజీవులను ఆపలేదు. వారానికి ఒకసారి క్యాండిల్‌ను విప్పి, ధార కింద మెత్తని నైలాను బ్రష్షుతో పై జిగురు పొర పోయేవరకు సున్నితంగా తోమాలి. వర్షాకాలంలో నదిలో బురద ఎక్కువగా ఉంటుంది గనుక మూడు నాలుగు రోజులకే తోమవలసి రావచ్చు. సబ్బు, గిన్నెలు తోమే పొడి వాడరాదు. అవి సూక్ష్మరంధ్రాలలో ఇరుక్కుంటాయి. ఫిల్టరు కింది పాత్రను, దాని కొళాయిని కూడా కడగాలి. చాలా ఇళ్ళలో క్యాండిల్ తెల్లగా మెరుస్తుంది గాని కొళాయి లోపల పాచి పట్టి ఉంటుంది.

క్యాండిల్‌కు వెంట్రుకవాసి చీలిక ఉన్నా అది నిరుపయోగమే. పరీక్ష సులభం. బాగా నానిన క్యాండిల్‌ను నీటిలో ముంచి, దాని కాడ గుండా ఊదండి. ఒక్కచోటి నుండి బుడగలు వరుసగా వస్తే అక్కడ చీలిక ఉన్నట్లే, వెంటనే మార్చండి. ధార హఠాత్తుగా పెరిగితే సంతోషించకండి. చీలిక ఏర్పడటమో, అడుగు వాషరు వదులు కావడమో జరిగి ఉంటుంది.

ఇక్కడ ఒక అలవాటును సరిచేసుకోవాలి. చాలా ఇళ్ళలో నీటిని కాచి, చల్లార్చి, తరువాత ఫిల్టరులో పోస్తారు. ఫిల్టరే అపరిశుభ్రంగా ఉంటే కాచిన శ్రమ వృథా అవుతుంది. ముందు వడపోసి, తరువాత కాచి, కాచిన పాత్రలోనే మూతపెట్టి చల్లార్చడం మేలు. నీరు తెర్లడం మొదలైన తరువాత ఒక నిమిషం కాగితే చాలు. ముంత ముంచి తీయక, పొడవు పిడి గల గరిటెతోనో, కొళాయి గల కూజా నుండో తీసుకోవాలి.

అతినీలలోహిత కిరణాల పరికరం: నదీజలం సరఫరా అయ్యే ప్రాంతాలకు ఇది చాలావరకు సరిపోతుంది. ఇది సూక్ష్మజీవులను నిర్వీర్యం చేస్తుంది, లవణాలను మార్చదు. నీరు మడ్డిగా ఉంటే కిరణాలు చొచ్చుకుపోలేవు గనుక ముందున్న మట్టి వడపోత శుభ్రంగా ఉండాలి. దీపం వెలుగుతున్నంత మాత్రాన దాని శక్తి తగ్గలేదని భావించరాదు. తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా ఏడాదికొకసారి, మార్చాలి. దీపం చుట్టూ ఉండే గాజుతొడుగుకు పట్టిన మరకను కూడా తుడిపించాలి.

ఆర్‌ఓ పరికరం: కరిగిన లవణాలు ఎక్కువగా ఉన్న గొట్టపు బావి నీటికి ఇది అవసరం. అయితే ఇళ్ళలో వాడే పరికరాలలో లోపలికి వెళ్ళిన నీటిలో సగానికి పైగా, ఒక్కొక్కప్పుడు మూడు వంతులు, వృథాగా బయటికి పోతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు లవణాలున్న నీరు తాగడానికి ఆమోదయోగ్యం. అంతకు తక్కువ ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించే నిబంధనలు చేయవలసిందిగా జాతీయ హరిత న్యాయస్థానం 2019లో కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. కనుక కొనే ముందు నీటిని పరీక్ష చేయించండి. ఇప్పటికే ఉన్నవారు వృథా నీటిని బకెట్టులో పట్టి ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. మట్టి వడపోతను మూడు నుండి ఆరు నెలలకు, పొరను సుమారు రెండు మూడేళ్ళకు మార్చవలసి ఉంటుంది.

పై అంతస్తులలో ఈ యంత్రాలు సరిగా పని చేయకపోవడానికి తరచుగా కారణం యంత్రం కాదు, చాలని పీడనం. బాగుచేయించే ముందు బకెట్టు పరీక్ష చేసి చూడండి. మట్టి వడపోత మూసుకుపోయినా ఫలితం అదే. బొగ్గు వడపోత గల యంత్రాలు నీటిలోని క్లోరినును తొలగిస్తాయి. అందువలన వాటి ట్యాంకులో రోజుల తరబడి నిలిచిన నీటికి రక్షణ ఉండదు. సంక్రాంతికి స్వస్థలం వెళ్ళి వచ్చినప్పుడు నిలువ నీటిని పూర్తిగా వదలివేసి, ఒకసారి నింపి పారబోసి, తరువాతనే తాగండి.

ఆర్సెనిక్: పశ్చిమ బెంగాల్‌లోని భూగర్భ జలాలలో ఈ విషపదార్థం ఉన్నదని 1980ల ఆరంభంలో ఈ నగరంలోని వైద్యులు చర్మవ్యాధుల ద్వారా గుర్తించారు. దీనికి రంగు, రుచి, వాసన లేవు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని ప్రమాణం. కాచినందువలన అది పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ కూడా దానిని ఆపదు. గొట్టపు బావి నీరు తాగే కుటుంబాలు ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ట్యాంకు శుభ్రత అందరి బాధ్యత

ఎంత విలువైన ఫిల్టరైనా ట్యాంకు అడుగున అంగుళం మందాన బురద ఉంటే అలసిపోతుంది. సంపును, మిద్దె ట్యాంకును ఆరు నెలలకొకసారి, వానలకు ముందు ఒకసారి, వెనుక ఒకసారి, శుభ్రపరచాలి. ముందుగా పంపుకు విద్యుత్తు ఆపాలి. ట్యాంకు ఖాళీ చేసి, గోడలు తోమి, మడ్డి ఎత్తివేయాలి. తరువాత నీరు నింపి, ప్రతి 1000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరును బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రమే పోసి, ఒక రాత్రి ఉంచాలి. ఆ సమయంలో ఇంటి ఫిల్టర్లకు నీరు వెళ్ళే కొళాయిలు మూసి ఉంచాలి. ఆ నీటిని ఎవరూ వాడకూడదు. మరునాడు ఆ నీటిని వదలివేసి, వాసన తగ్గేవరకు కడగాలి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది.

సంపు విషయంలో మరొక హెచ్చరిక. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు కొరవడవచ్చు. మూత తెరచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి. పైన మరొక మనిషి లేకుండా ఎవరినీ లోపలికి దింపరాదు. కర్మాగారంలో మూసిన పాత్రలలోకి దిగేవారికి పాటించే భద్రతా నియమాలే ఇంటివద్దకు వచ్చే పనివానికీ వర్తిస్తాయి. అతని ప్రాణం కూడా ప్రాణమే.

ట్యాంకు మూత బిగుతుగా ఉండాలి. లేకపోతే డెంగ్యూ దోమకు అది నిలయమవుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆలస్యం చేయకండి. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండింటినీ తలగొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ వైద్యుని సంప్రదించండి. 1971లో ఈ రాష్ట్రంలోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి, కలరా మరణాలను సుమారు 30 శాతం నుండి 4 శాతం లోపునకు తగ్గించారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఒక సూచన

ప్రతి ఇంటివారూ ఫిల్టరు పక్కన ఒక అట్ట వ్రేలాడదీసి, క్యాండిల్ తోమిన తేదీ, వడపోత మార్చిన తేదీ, బకెట్టు నిండిన సమయం వ్రాయండి. ఇది పిల్లలకు అప్పగించదగిన పని. వారికి కొలవడం అలవడుతుంది, మనకు మతిమరపు తగ్గుతుంది. క్వార్టర్లలోను, అపార్టుమెంట్లలోను ట్యాంకు కడిగిన తేదీని దాని గోడమీదే రంగుతో వ్రాయించండి. తరువాతి తేదీ ఎప్పుడో అందరికీ కనబడుతుంది.

ఉమ్మడి ట్యాంకు నీరు తాగే ఇళ్ళలో ఒక కుటుంబపు ఆరోగ్యం మరొక కుటుంబపు శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. ఈ వానాకాలం రాకముందే ఒక ఆదివారం ఉదయం నలుగురూ కలసి మిద్దె ఎక్కి, ట్యాంకు మూత తీసి లోపలికి చూడండి. ఏమి చేయవలసినదీ ఆ నీరే చెబుతుంది.